టైరుకూ వయసుంది



మందు కొన్నప్పుడు గడువు తేదీ చూడమని మేము మీకు ఎన్నోసార్లు చెప్పాం. మరి భార్యాబిడ్డలను ఎక్కించుకుని ఆమడగూరు నుండి కదిరికి వెళ్ళే మోటారు సైకిలు టైరు ఏ సంవత్సరం తయారైందో ఎప్పుడైనా చూశారా?

ఈమధ్య మన ఆసుపత్రి ఆవరణలో నిలిపిన బండ్లను గమనించాం. ఒక బండి టైరు మీద గీతలు లోతుగానే ఉన్నాయి కానీ పక్కలు నెర్రెలిచ్చాయి. "పెద్దగా తిరగని బండి సార్, టైరు కొత్తదే" అన్నారు ఆ పెద్దాయన. టైరు మీద 1412 అని ఉంది. అంటే అది 2012లో 14వ వారంలో తయారైంది!

చాలామంది పొరబడేది ఇక్కడే. టైరు అరుగుదల వల్లనే కాదు, వయసు వల్ల కూడా పాడవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి కలిసి రబ్బరును గట్టిపరుస్తాయి. మన ప్రాంతంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇంటిముందు ఎండలో ఊరికే నిలిపిన బండి టైరు కూడా ముసలిదవుతుంది. గట్టిపడిన రబ్బరుకు తడి రోడ్డు మీద పట్టు తక్కువ. నెర్రెలిచ్చిన టైరు బరువుతో వేగంగా పోయేటప్పుడు పగిలే ప్రమాదముంది.

ఇలా పరీక్షించండి:

1. టైరు పక్కభాగంలో నాలుగు అంకెలు వెదకండి. ఒకవైపే ఉండవచ్చు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2000 నుండి ఈ పద్ధతే ఉంది.

2. అయిదేళ్ళు దాటితే ఏటా మెకానిక్‌కు చూపించండి. పైకి బాగున్నా పదేళ్ళు దాటితే మార్చేయండి. నెర్రెలు, ఉబ్బు కనబడితే వయసుతో పని లేదు, వెంటనే మార్చాలి.

3. గీతల లోతు 0.8 మిల్లీమీటరు కంటే తగ్గరాదు. గీతల మధ్య చిన్న దిమ్మెలుంటాయి. టైరు వాటి మట్టానికి అరిగితే దాని పని అయిపోయినట్టే.

4. టైరు చల్లగా ఉన్నప్పుడు వారానికోసారి గాలి చూపించండి. గాలి తక్కువైతే టైరు వేడెక్కి త్వరగా పాడవుతుంది.

5. కొత్త టైరు కొనేటప్పుడు అంగడిలోనే ఆ నాలుగంకెలు చూసుకోండి. పాత టైరు చవకగా వస్తుందని తీసుకోకండి.

దారిలో టైరు పగిలితే గట్టిగా బ్రేకు వేయకండి. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, బండిని మెల్లగా పక్కకు తీయండి. వెనుక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ తప్పనిసరి. ఎవరికైనా ప్రమాదం జరిగితే వెంటనే 108కి ఫోన్ చేయండి.

టైరు ఖర్చు భారమే, మాకు తెలుసు. కానీ విరిగిన కాలికి కట్టు వేయించుకుని, కూలికి పోలేక నెలల తరబడి ఇంట్లో కూర్చోవడం ఇంకా పెద్ద భారం. వచ్చే ఆదివారం బండి తీసేముందు ఒక్క నిమిషం వంగి ఆ నాలుగంకెలు చదవండి. మీ పిల్లల చేత కూడా చదివించండి.