ఇంటి ఆటలు – బుద్ధి వికాసం



మహాభారతంలో ధర్మరాజుకు రెండు పరీక్షలు ఎదురైనాయి. సభాపర్వంలో ఆయన జూదమాడి రాజ్యాన్ని, తమ్ములను, తనను, చివరకు ద్రౌపదిని కూడా పణంగా ఒడ్డి పోగొట్టుకొన్నాడు. అరణ్యపర్వంలో యక్షుడు వేసిన చిక్కు ప్రశ్నలకు ఓర్పుతో సమాధానాలు చెప్పి, నేలకొరిగిన నలుగురు తమ్ములనూ తిరిగి పొందినాడు. మొదటి చోట పణం బుద్ధిని కప్పివేసింది. రెండవ చోట వివేకం వెలిగింది. పిల్లలచేత ఇంట్లో ఎటువంటి ఆటలు, ఏ విధంగా ఆడించవలెనో ఈ రెండు ఘట్టాలు మనకు బోధిస్తున్నాయి.

"ఆటలు కట్టిపెట్టి చదువుకో" అని పిల్లలను మందలించడం మనకు అలవాటు. కాని మన పెద్దలు వినోదాన్ని విద్యకు విరోధిగా భావించలేదు. చదువుకు విముఖులైన ముగ్గురు రాజకుమారులకు విష్ణుశర్మ కథల ద్వారానే 6 మాసాలలో నీతిశాస్త్రం నేర్పినట్లు పంచతంత్రం చెబుతున్నది. మనస్సు రంజిల్లిన చోట విద్య సులభంగా నాటుకొంటుంది.

వామనగుంటల పీటనే చూడండి. వరుసకు 7 చొప్పున రెండు వరుసలలో 14 గుంటలు ఉంటాయి. గుంటకు 4 చింతగింజలు వేస్తే మొత్తం ఎన్ని? 5 వేస్తే ఎన్ని? పలక పట్టకుండానే పసివాడు 56 అనీ, 70 అనీ గుణకారం నేర్చుకొంటాడు. గింజలను ఒక్కొక్కటిగా పంచుకొంటూ పోయి, చేతిలోనివి అయిపోగానే తరువాతి గుంటలోనివి తీసి మళ్ళీ పంచవలెను. ఆ గుంట ఖాళీగా ఉంటే దాని ప్రక్క గుంటలోనివి దక్కుతాయి. ఏ గుంట ఎత్తితే పంపకం ఎక్కడ ఆగుతుందో ముందుగా లెక్క కట్టగలిగినవారికే గెలుపు.

పులి-మేక ఆటలో పులులు 3, మేకలు 15. ఒంటరి మేకపై నుండి పులి దూకి దానిని చంపుతుంది. మేకలు ఒకదాని వెనుక ఒకటి చోటు విడువకుండా నిలిస్తే పులికి కదలిక ఉండదు. ముందుచూపు, ఐకమత్యం రెండూ ఈ ఆట నేర్పే పాఠాలే.

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు ఎట్లా పడతాయో మన చేతిలో లేదు. పడిన పందెంతో ఏ కాయను నడపవలెనో మాత్రం మన చేతిలోనే ఉన్నది. ప్రారబ్ధం, పురుషకారం అనే పెద్ద మాటలకు పిల్లలకు ఇంతకన్న సులభమైన ఉదాహరణ దొరకదు. వైకుంఠపాళిలో తెలివితేటలకు పని లేదు. అక్కడ అలవడేది ఓర్పు. పెద్దపాము నోట పడి క్రిందికి జారిన పిల్లవాడు ఏడవకుండా మళ్ళీ పందెం వేస్తే, ఆ నాటికి అదే గొప్ప విద్య.

రాత్రి భోజనానంతరం ఇంట్లోనే యక్షప్రశ్నలు నడపవచ్చు. "రెక్కలు తెగినా రాముడు వచ్చేవరకు ప్రాణం నిలుపుకొని సీతమ్మ జాడ చెప్పినది ఎవరు?" అని అడగండి. జటాయువు పేరు మీరే వెంటనే చెప్పివేయక, ఒక్కొక్క సూచన ఇవ్వండి. పిదప పిల్లలను మిమ్ములను అడగనివ్వండి. ప్రశ్న కల్పించడానికి సమాధానం చెప్పడానికన్న ఎక్కువ ఆలోచన కావలెను.

కొన్ని నియమాలు మాత్రం తప్పనిసరి. ఏ ఆటలోనూ డబ్బు పణంగా ఒడ్డరాదు. ఓడిన బిడ్డను ఎగతాళి చేయరాదు. బిడ్డను సంతోషపెట్టడానికి పెద్దలు ప్రతిసారీ కావాలని ఓడిపోవడమూ మంచిది కాదు. ఏది దొరికినా నోట పెట్టుకొనే పసివారికి గింజలు, గవ్వలు అందనీయరాదు. అన్నిటికన్న ముఖ్యంగా పెద్దలు ప్రక్కన కూర్చొనవలెను. బిడ్డ చేతికి సెల్‌ఫోను ఇచ్చి మన పని మనం చూసుకొంటే అక్కడ కాలక్షేపం ఉంటుంది గాని శిక్షణ ఉండదు.

యక్షుడు ఒక్క తమ్ముని మాత్రమే బ్రతికిస్తానన్నప్పుడు ధర్మరాజు మహావీరులైన భీమార్జునులను కోరలేదు. కుంతికి తాను ఉన్నాడు గనుక మాద్రికీ ఒక కుమారుడు మిగలవలెనని నకులుని కోరినాడు. ఆ సమబుద్ధికి మెచ్చియే యక్షుడు నలుగురినీ బ్రతికించినాడు. చిక్కు విప్పే తెలివికి తోడు ఎదుటివాని వంతును ఎదుటివానికి విడిచే న్యాయబుద్ధి కూడా పిల్లలకు కావలెను. అది అలవడేది ఇంటి అరుగు మీది ఆటలోనే. అందుకు దినానికి ఒక అరగంట కేటాయించండి.

శుభం భూయాత్.