షాపులో మీగడ రంగు.. గోడెక్కాక పసుపు! హాఫ్ వైట్ వేయించే ముందు ఈ ఒక్క పని చేయండి

గృహప్రవేశానికి ఇంకా పది రోజులే ఉంది. పెయింటర్ ఫోన్ చేసి "సార్, హాల్‌కి ఏం రంగు? హాఫ్ వైట్ వేసేయమంటారా?" అని అడుగుతాడు. ఇంట్లో వాళ్లు ఎప్పుడో సేవ్ చేసి పెట్టుకున్న రీల్ చూపిస్తారు. షాపుకెళ్లి, షేడ్ కార్డులో దానికి దగ్గరగా ఉన్న ముక్క మీద వేలు పెడతారు. పది నిమిషాల్లో 20 లీటర్ల బకెట్ రెడీ. నాలుగు రోజులకు చూస్తే గోడ మీగడలా లేదు, పసుపు నీళ్లు చల్లినట్టు ఉంది. సాయంత్రం బెడ్‌రూమ్‌లో అదే రంగు నారింజ కొడుతోంది. రాత్రి ట్యూబ్‌లైట్ వేస్తే ఆకుపచ్చ ఛాయ.

"ఆరితే సెట్ అయిపోద్ది మేడమ్" అంటాడు పెయింటర్. కానీ అవ్వదు. మామూలుగా ఎమల్షన్ పెయింట్లు తడిగా ఉన్నప్పటికన్నా ఆరాక కాస్త ముదురుగానే కనిపిస్తాయి. మెషీన్‌లో కలిపించిన రంగును షాపు వాళ్లు వెనక్కి తీసుకోరు. మళ్లీ వేయించాలంటే పెయింట్ ఖర్చు ఒక్కటే కాదు, కూలీ కూడా రెండోసారి. అందుకే చాలామంది "పోన్లే" అనుకుని ఐదారేళ్లు ఆ పసుపుతోనే సర్దుకుపోతారు. చిత్రమేంటంటే ఇందులో చాలాసార్లు పెయింటర్ తప్పు ఉండదు, షాపు వాళ్లు వేరే రంగు కలిపి ఇచ్చిందీ ఉండదు. డబ్బాలో ఉన్నది కార్డులో చూసిన రంగే. మారింది దాని మీద పడే వెలుగు.

అసలు హాఫ్ వైట్ అంటే ఏంటి?

కార్డు మీద ఐవరీ, క్రీమ్, లినెన్, పెరల్.. పేరు ఏదైనా రాసుండొచ్చు, మన దగ్గర పెయింటర్లకు అన్నీ హాఫ్ వైటే. తయారీ దాదాపు ఒకటే. తెల్లదనం ఇచ్చేది టైటానియం డయాక్సైడ్ అనే పొడి. అది ఉన్న తెల్ల బేస్‌లో మెషీన్ కొద్ది చుక్కల రంగు వదులుతుంది. ఎక్కువగా వాడేది పసుపు ఆక్సైడ్, ఎరుపు ఆక్సైడ్, చిటికెడు నలుపు. ఈ చుక్కల లెక్కలోనే కథంతా ఉంది. పసుపు ఎక్కువైతే వెన్న రంగు వైపు వెళ్తుంది. ఎరుపు తోడైతే పీచ్, గులాబీ ఛాయ వస్తుంది. పసుపుకు నలుపు కలిసిన చోట ఆకుపచ్చ తొంగి చూస్తుంది. పైకి తెల్లగా కనిపించే రంగు లోపల దాక్కున్న ఈ ఛాయనే అండర్‌టోన్ అంటారు.

షేడ్ కార్డులో ఇది కనిపెట్టడం కష్టం. ముక్క రెండంగుళాలు కూడా ఉండదు. పైగా చుట్టూ ముదురు రంగులుంటే దాని పక్కన ఏదైనా తెల్లగానే కనిపిస్తుంది. చిన్న ఉపాయం ఒకటుంది. ఆ ముక్క పక్కన ఒక తెల్ల ఏ4 కాగితం పెట్టి చూడండి. అప్పటిదాకా తెలుపు అనుకున్నది పసుపా, గులాబీనా, ఆకుపచ్చా అన్నది వెంటనే బయటపడుతుంది.

నిజానికి ఈ ఛాయల లెక్క మన పెద్దవాళ్లకు కొత్తేం కాదు. పండక్కి గోడలకు సున్నం వేసేటప్పుడు అందులో కాస్త నీలిమందు కలిపేవాళ్లు. సున్నంలోని పసుపుదనాన్ని నీలం కొట్టేస్తే గోడ మరింత తెల్లగా కనిపిస్తుంది. తెల్ల బట్టలకు నీలం పెట్టినా జరిగేది అదే. ఇప్పుడు కోరుకుంటున్నది దానికి పూర్తిగా తిరకాసు. తెలుపులో వెచ్చదనం కావాలి, కానీ పసుపు కనపడకూడదు!

ట్యూబ్‌లైట్ దగ్గరే దెబ్బ

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఎల్‌ఈడీ డబ్బా మీద ఒక అంకె ఉంటుంది.. 2700కే, 4000కే, 6500కే అని. అది కెల్విన్ లెక్క. 2700 నుంచి 3000 అంటే పాత బల్బులాంటి పసుపు వెలుగు. 4000 అంటే మధ్యస్తం. 6500 అంటే కూల్ డేలైట్, నీలం కలిసిన తెలుపు. తెలుగు ఇళ్లలో హాల్లో ఉండే ట్యూబ్‌లు చాలావరకు ఈ 6500 రకమే. వెలుగు బాగా వస్తుందని అదే కొంటారు. పసుపు ఛాయ ఉన్న గోడ మీద ఆ నీలి వెలుగు పడితే వెచ్చదనం చచ్చిపోతుంది. గోడ బూడిదగానో, లేత ఆకుపచ్చగానో కనిపిస్తుంది.

మరి రీల్‌లో ఎందుకు అంత బాగుంది? చాలా రీల్స్ అమెరికా ఇళ్లవి. అక్కడ ఇళ్లలో పసుపు వెలుగు బల్బులు మామూలు. 2016లో అక్కడి రెండు పెద్ద పెయింట్ కంపెనీలూ తెలుపు రంగులనే ఆ ఏటి రంగులుగా ప్రకటించాయి. షెర్విన్ విలియమ్స్ అలబాస్టర్‌ను, బెంజమిన్ మూర్ సింప్లీ వైట్‌ను ఎంచుకున్నాయి. అలాంటి పేర్లే ఇప్పటికీ రీల్స్‌లో తిరుగుతుంటాయి. మన షాపులో ఆ పేరు చెబితే డీలర్ తన కార్డులో దగ్గరగా ఉన్నది చూపిస్తాడు. దగ్గరగా ఉన్నదే, అదే కాదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఫోన్ కెమెరా వెలుగును బట్టి తెలుపును తనే సరిచేసుకుంటుంది. ఆపైన ఫిల్టర్ ఉంటుంది, ఆపైన మీ ఫోన్ స్క్రీన్ బ్రైట్‌నెస్. ఇన్ని చేతులు మారి వచ్చిన రంగును స్క్రీన్‌షాట్ తీసి పెయింటర్‌కు వాట్సాప్ చేస్తే అతను మాత్రం ఏం చేస్తాడు?

కాబట్టి రంగు కన్నా ముందు లైట్లు తేల్చుకోవాలి. ఇల్లంతా 6500 ఉంచుతారా, మారుస్తారా? హాల్, బెడ్‌రూమ్‌లలో 3000 లేదా 4000 పెట్టుకుంటే వెచ్చటి తెలుపు రంగులు బాగా కనిపిస్తాయి. చదువుకునే పిల్లలున్నారు, 6500 తప్పదు అంటే పసుపు ఛాయ ఎక్కువున్న షేడ్ల జోలికి వెళ్లకపోవడం మంచిది. కొద్దిగా ఎరుపు కలిసిన వెచ్చటి తెలుపు ఆ వెలుగులో కాస్త నయంగా నిలబడుతుంది.

ఏ గదికి ఎలాంటి ఎండ?

పడమర కిటికీ ఉన్న గదిలో సాయంత్రం నాలుగు దాటాక వచ్చే ఎండే నారింజ రంగులో ఉంటుంది. గోడకు పీచ్ ఛాయ ఉంటే అది రెట్టింపవుతుంది. అక్కడ వెచ్చదనం బాగా తక్కువున్న తెలుపు చాలు. తూర్పు గదికి ఉదయం మాత్రమే ఆ బంగారు వెలుగు, మధ్యాహ్నం నుంచి చప్పబడిపోతుంది.

ఉత్తరం వైపు గదుల గురించి ఇంగ్లిష్ వీడియోల్లో చెప్పేది మన దగ్గర పూర్తిగా పనికిరాదు. ఉత్తరం గదికి ఏడాది పొడవునా ఎండే రాదు, ఆకాశపు నీలి వెలుగే అని చెబుతుంటారు. హైదరాబాద్ ఉన్నది 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే వెళ్తాడు. అంటే మంచి ఎండాకాలంలో ఉత్తరం కిటికీకీ కాస్త ఎండ తగులుతుంది. విజయవాడ, విశాఖలోనూ దాదాపు ఇంతే. మిగతా నెలల్లో మాత్రం ఆ గది చల్లటి వెలుగులోనే ఉంటుంది కాబట్టి, వెచ్చదనం ఒక మెట్టు ఎక్కువున్న షేడ్ అక్కడ బాగానే ఉంటుంది.

అపార్ట్‌మెంట్లలో అయితే దిక్కు కన్నా కిటికీ ఎదురుగా ఏముందో చూడాలి. నాలుగడుగుల దూరంలో పక్క బిల్డింగ్ గోడ ఆకుపచ్చగా ఉంటే, మీ గదిలోకి వచ్చేదీ ఆ ఆకుపచ్చ వెలుగే. బాల్కనీ నిండా మొక్కలున్నా అంతే.

ముక్క లేత.. గోడ ముదురు

కార్డులో లేతగా ఉన్నది గోడ మీద ముదురుగా ఎందుకు కనిపిస్తుంది? నాలుగు గోడలకూ ఒకే రంగు వేసినప్పుడు ఒక గోడ మీద పడ్డ వెలుగు ఎదుటి గోడ మీదకు, అక్కడి నుంచి మళ్లీ ఇటు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ కొంచెం పసుపును మోసుకొస్తుంది. గది మూలల్లో చూడండి, అదే పెయింట్ అక్కడ ఇంకా చిక్కగా ఉంటుంది. అందుకే కార్డులో నచ్చిన షేడ్ కన్నా ఒక మెట్టు లేతది తీసుకుంటే దాదాపుగా అనుకున్న రంగు వస్తుంది. కొన్ని కంపెనీలు ఎల్‌ఆర్‌వీ అనే అంకె కూడా ఇస్తాయి. గోడ మీద పడిన వెలుగులో ఎంత తిరిగొస్తుందో చెప్పేది అది. పూర్తి నలుపుకు 0, పూర్తి తెలుపుకు 100. వెచ్చటి ఆఫ్ వైట్‌లు ఎక్కువగా 75 నుంచి 85 మధ్యలో ఉంటాయి. వెలుతురు తక్కువున్న గదికి 80 పైన ఉన్నది చూసుకోవచ్చు.

సీలింగ్ విషయం ఎవరూ పట్టించుకోరు. సీలింగ్‌కు మామూలు తెలుపు వేసేయడం అలవాటు. కింద గోడ ఐవరీ, పైన తళతళలాడే తెలుపు అయితే పోలికలో గోడ మాసినట్టు కనిపిస్తుంది. తెల్ల యూపీవీసీ కిటికీలు, తెల్ల స్విచ్‌బోర్డులు కూడా ఇదే పని చేస్తాయి. గోడ రంగే సీలింగ్‌కూ వేయడం, లేదా అదే కుటుంబంలో ఇంకా లేత షేడ్ వేయడం దీనికి తేలికైన మార్గం. ఫ్లోర్ కూడా చూసుకోవాలి. బూడిద నీలం తాండూరు బండల మీద క్రీమ్ గోడ ఇంకా పసుపుగా కనిపిస్తుంది. ఐవరీ టైల్స్ ఉంటే, టైల్ పసుపు ఛాయదై గోడ గులాబీ ఛాయది కాకుండా చూసుకోండి, రెండూ కొట్టుకుంటాయి. టేకు తలుపులకు మాత్రం వెచ్చటి తెలుపు దాదాపు ఏదైనా నప్పుతుంది.

ఇంతకీ ఆ ఒక్క పని ఏంటంటే..

బకెట్ కొనే ముందు ఒక్క లీటరు డబ్బా కలిపించుకోండి. రెండు షేడ్ల మధ్య ఊగిసలాట ఉంటే రెండు డబ్బాలు. కొన్ని వందల రూపాయల్లో పోతుంది. రెండడుగుల వెడల్పు, రెండడుగుల పొడవున్న ప్లైవుడ్ ముక్కకో, మందపాటి అట్టకో ప్రైమర్ కొట్టి, పైన రెండు కోట్లు వేసి పూర్తిగా ఆరనివ్వండి. పాత రంగున్న గోడ మీదే నేరుగా వేసి చూడొద్దు. కింద నీలమో, ఆకుపచ్చో ఉంటే అది పైకి కనిపిస్తుంది, చుట్టూ ఉన్న పాత రంగు కూడా కంటిని మోసం చేస్తుంది.

ఆ ముక్కను గది మూలలో నిలబెట్టండి. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఐదుకు, రాత్రి లైట్లు వేశాక.. నాలుగుసార్లు చూడండి. ఫ్లోర్ దగ్గర ఒకసారి, తలుపు చెక్క పక్కన ఒకసారి పెట్టి చూడండి. హాల్ నుంచి బెడ్‌రూమ్‌కు కూడా మార్చండి. ఒక గదిలో నచ్చింది ఇంకో గదిలో నచ్చకపోవచ్చు. అప్పుడు రెండు గదులకు రెండు షేడ్లు వేయించుకున్నా తప్పేం లేదు. ఆ గదిలో ఎక్కువసేపు ఏ టైమ్‌లో ఉంటారో ఆ టైమ్‌లో ఎలా ఉందన్నదే ముఖ్యం. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లయితే హాల్ రంగును పగటి వెలుగులో చూసి మురిసిపోయి లాభం లేదు, రాత్రి ట్యూబ్‌లైట్ కింద చూసే తేల్చుకోవాలి.

షేడ్ ఖాయమయ్యాక లెక్క ఈజీనే. 10 బై 12 గది, 10 అడుగుల ఎత్తు అనుకుంటే నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే సుమారు 400. లీటరు పెయింట్ రెండు కోట్లకు ఎన్ని చదరపు అడుగులు వస్తుందో కంపెనీని బట్టి మారుతుంది, డబ్బా మీద రాసుంటుంది. 65 అనుకుంటే ఆ గదికి ఆరు లీటర్ల పైన కావాలి. మొత్తం ఇంటికి కావాల్సింది ఒకేసారి కలిపించండి. రెండు బకెట్లు వస్తే, గోడకు వేసే ముందు రెండింటినీ పెద్ద డ్రమ్ములో కలిపేయమని పెయింటర్‌కు చెప్పండి. లేకపోతే ఒకే గోడ మధ్యలో తేడా కనిపించే ప్రమాదం ఉంది.

కొందరు పెయింటర్లు "మెషీన్ ఎందుకు సార్, తెలుపులో స్టెయినర్ నాలుగు చుక్కలు కలిపి హాఫ్ వైట్ చేసేస్తా" అంటారు. ఖర్చు తగ్గే మాట నిజమే. కానీ ఆరు నెలల తర్వాత సోఫా గీసుకుని గోడ మీద గీత పడితే, ఆ నాలుగు చుక్కలు మళ్లీ అలాగే పడతాయన్న గ్యారెంటీ లేదు. గోడంతా వేయాల్సిందే.

లప్పం పని సరిగ్గా లేని గోడకు మెరుపున్న ఫినిష్ వేస్తే ఎగుడుదిగుళ్లు అన్నీ కనిపిస్తాయి, మ్యాట్ అయితే దాస్తుంది. వంటింట్లో మాత్రం తాలింపు జిడ్డు తుడవాలి కాబట్టి కడగడానికి వీలయ్యేదే తీసుకోండి. తలుపులకు ఆయిల్ ఎనామిల్‌లో తెలుపు, ఐవరీ వేస్తే కొన్నేళ్లకు అది దానంతట అదే పసుపెక్కుతుంది, అదీ వెలుతురు తగలని చోట ఎక్కువ. నీటితో కలిపే రకం ఎనామిల్స్‌లో ఈ బాధ చాలా తక్కువ. పూజ గదిలో దీపం పొగకు ఏ తెలుపైనా మాసిపోతుంది, దాని గురించి దిగులు పడి లాభం లేదు.

పని పూర్తయ్యాక అర లీటరు పెయింట్ గట్టి మూతున్న డబ్బాలో పోసి పక్కన పెట్టుకోండి. దాని మీద షేడ్ పేరు, కోడ్ నంబర్, పెయింట్ రకం, కలిపించిన తేదీ మార్కర్‌తో రాయండి. అదే లేబుల్‌ను ఫోన్‌లో ఫోటో కూడా తీసి పెట్టుకోండి. ఫోన్ కెమెరా రంగును సరిగ్గా చూపించకపోయినా, అంకెల్ని మాత్రం సరిగ్గానే చూపిస్తుంది.