శీతలదేశాల గృహాలలో గాలి చొరబాటు నివారణ: ఇంధన పొదుపు, ప్రాణభద్రత

1973 నాటి చమురు సంక్షోభం తరువాత ఉత్తర అమెరికాలోనూ, ఉత్తర ఐరోపాలోనూ ఇంటిని వెచ్చగా ఉంచుకోవడానికయ్యే ఇంధనం పరిశోధనాంశమైంది. గోడలలోను, అటకపైన ఉష్ణనిరోధక పదార్థాన్ని దట్టంగా పరిస్తే చాలునన్న అభిప్రాయం అప్పటికి బలంగా ఉండేది. న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్విన్ రివర్స్ నివాసాలలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన పరిశీలనలు ఈ అభిప్రాయాన్ని సవరించాయి. గోడల నడిమి ఖాళీలగుండా, పొగగొట్టం చుట్టూ ఉన్న సందులగుండా వెచ్చని గాలి ఆ పొరను తప్పించుకొని అటకలోకి పోతున్నదని వారు గుర్తించారు. దుప్పటి మందంగానే ఉంది. చిల్లులే లెక్కలోకి రాలేదు.

కెనడాలోని రెజైనా నగరంలో 1977లో నిర్మించిన సస్కాచువాన్ కన్సర్వేషన్ హౌస్ ఈ చిల్లులను మూయడాన్నే ప్రధానసూత్రంగా స్వీకరించింది. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో వెలసిన తొలి పాసివ్ హౌస్ అదే మార్గంలో మరింత ముందుకు సాగింది.

చొరబాటు – ప్రసరణ

తెలుగునాట ఇంటికి గాలి ఆడటం గుణమే. తలుపులపైన వెంటిలేటర్లు అమర్చుకొనే సంప్రదాయంలో గాలి ఎక్కడినుండి వచ్చినా స్వాగతమే కనుక, రాకలలో భేదాన్ని సూచించే మాటలు మనకు అంతగా అవసరపడలేదు. శీతలదేశాల విషయంలో ఈ భేదమే కీలకం. సందులగుండా ఇష్టానుసారం దూరే గాలిని ‘చొరబాటు’ అని, నిర్ణీత మార్గంలో, నిర్ణీత పరిమాణంలో రప్పించే గాలిని ‘ప్రసరణ’ అని వ్యవహరించడం సముచితం. మూయవలసింది మొదటిదాన్నే.

చొరబాటును కొలవడానికి వీధిగుమ్మంలో పెద్ద ఫ్యాను బిగించి, ఇంటి లోపలికీ వెలుపలికీ మధ్య 50 పాస్కల్‌ల పీడనభేదం కల్పిస్తారు. 300 ఘనమీటర్ల ఇంటినుండి ఆ స్థితిలో గంటకు 1800 ఘనమీటర్ల గాలి పోతే, గాలి ఆరుసార్లు మారినట్లు లెక్క. పాసివ్ హౌస్ ప్రమాణం 0.6 మాత్రమే; అంటే అదే ఇంటికి 180 ఘనమీటర్లు. అగరువత్తి పొగ వంటిదానితో సందులను అక్కడికక్కడే పసిగట్టవచ్చు.

వెచ్చని గాలి తేలికైనది. అది పైభాగంనుండి పోతుంటే కిందినుండి చల్లని గాలి లోపలికి వస్తుంది. అందువల్ల ముందుగా అటకను, తరువాత నేలమాళిగను మూయాలి. చలిగాలి చర్మానికి తెలిసేది కిటికీ దగ్గర కాబట్టి గృహస్థులు సాధారణంగా అక్కడే మొదలుపెడతారు.

పొగగొట్టం తిరగబడటం

గదిలోని గాలినే వాడుకొని మండే గ్యాస్ ఫర్నేసు, వాటర్ హీటరు ఉన్న ఇంటిని బిగిస్తే అసలు చిక్కు మొదలవుతుంది. వంటగదిలోని శక్తిమంతమైన ఎగ్జాస్ట్ ఫ్యాను గంటకు వందల ఘనమీటర్ల గాలిని బయటికి తోడుతుంది. అమెరికా, కెనడాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పోపు ఘాటుకు దాన్ని పూర్తివేగంతో నడపడం సహజం. బయటికి పోయిన గాలికి బదులు గాలి రావడానికి సందులు లేనప్పుడు అది పొగగొట్టంగుండానే లోపలికి వస్తుంది. వస్తూ దహనవాయువులను వెంట తెస్తుంది. వాటిలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా బంధిస్తుంది. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరు ప్రాణాలు తీయడానికి కారణమూ ఈ వాయువే.

కనుక సందులు మూసిన తరువాత కిటికీలన్నీ బిగించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ నడిపి, హీటరు వెలిగించి, దాని పొగగొట్టం మొదట్లో పొగ పట్టి చూడాలి. పొగ గొట్టంలోకి పోకుండా గదిలోకి మళ్లితే ఆ పరికరాన్ని వాడరాదు. వెలుపలి గాలితోనే మండి, వెలుపలికే పొగ వదిలే మూతగల పరికరాన్ని అమర్చడం మేలైన పరిష్కారం. కార్బన్ మోనాక్సైడు అలారం దానికి తోడే కాని ప్రత్యామ్నాయం కాదు.

నేలలోని యురేనియం క్షయంవల్ల పుట్టే రేడాన్ అనే వాయువు ఊపిరితిత్తుల క్యాన్సరుకు హేతువు. గాలిమార్పిడి తగ్గినచోట ఇది పేరుకోవచ్చు. కెనడా దీనికి ఘనమీటరుకు 200 బెక్వెరెల్‌లను చర్యా పరిమితిగా నిర్ణయించింది. రెండుమూడు రోజుల కొలత దీనికి చాలదు. శీతకాలంలో కనీసం మూడు నెలలు కొలవాలి.

బిగించిన ఇంట్లో ప్రసరణ బాధ్యత ఉష్ణపునఃప్రాప్తి యంత్రానిది. బయటికి పోయే గాలిలోని వేడిని అది లోపలికి వచ్చే గాలికి అందిస్తుంది. రెండు గాలులూ కలవవు. దీని వడపోతలు దుమ్ముతో మూసుకుపోతే ఇల్లు మళ్లీ ఊపిరాడని పెట్టె అవుతుంది. అందుచేత ఇల్లు చేతులు మారినప్పుడు వడపోతలు ఎక్కడున్నవో, ఎప్పుడు మార్చాలో కొత్తవారికి తెలియజేయడం అవసరం.