రాకాసులు కట్టని రాతి వలయాలు

హైదరాబాద్‌లో తార్నాక నుంచి లాలాపేట మీదుగా పోతే మౌలాలి గుట్ట ఎంతో దూరం కాదు. ఆ గుట్ట అనగానే దర్గా గుర్తొస్తుంది గానీ, ఆ పరిసరాల్లో ఇనుప యుగపు సమాధులు బయటపడ్డాయని ఉస్మానియాలో చరిత్ర చదివేవాళ్లకు తప్ప పెద్దగా తెలియదు. నగర శివార్లలో ఇలాంటి సమాధుల చుట్టూ గుండ్రాళ్లు పేర్చిన వలయాలను 1851లోనే నిజాం కొలువులోని ఆంగ్లేయ అధికారి ఫిలిప్ మెడోస్ టేలర్ గుర్తించాడు. పల్లెల్లో వీటిని రాకాసి గుళ్లంటారు, పాండవుల గుళ్లంటారు. అంతంత బండలు ఎత్తడం మామూలు మనుషుల తరం కాదన్న ఆశ్చర్యమే ఈ పేర్లకు మూలం. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తవ్వినప్పుడు సమాధి మీది బండను తీయడానికి క్రేన్ కావలసి వచ్చింది కదా అని అడగవచ్చు. క్రేన్ కావలసింది బండను పగలగొట్టకుండా, త్వరగా, నిలువునా పైకి లేపాలనుకున్న మనకు. కట్టినవాళ్లకు ఆ తొందర లేదు. దక్కను గ్రానైట్ పొరలు పొరలుగా విడిపోతుంది కాబట్టి సగం పని ప్రకృతే చేసిపెట్టింది. మట్టి వాలు, దుంగలు, మోకులు, వందలమంది చేతులు ఉంటే మిగతా సగం అసాధ్యమేమీ కాదు.

పైన రాళ్లే కనిపిస్తాయి కాబట్టి వీటిని రాతియుగానికి కట్టబెట్టడం ఇంకో పొరపాటు. కాలాన్ని చెప్పేది కింద ఉన్న సరుకు. వలయం మధ్యలో తవ్వితే బండలతో పెట్టెలా కట్టిన గది, కొన్నిచోట్ల కాళ్లున్న మట్టి శవపేటిక, ఎరుపు నలుపు కుండలు, వాటి పక్కనే ఇనుప కత్తులు, గొడ్డళ్లు, బల్లేలు కనిపిస్తాయి. ఇనుము కరిగించడం తెలిసిన సమాజపు పని ఇది. తెలంగాణలోని ఇలాంటి సమాధుల్లో ఎక్కువ భాగం క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దివి. చాలాచోట్ల పూర్తి అస్థిపంజరం ఉండదు, ఏరి పెట్టిన ఎముకలే ఉంటాయి. శవాన్ని వేరేచోట ఉంచి, తర్వాత ఎముకలు తెచ్చి పూడ్చారన్నమాట. లంకెబిందెల కోసం గునపం పట్టేవాళ్లు చెదరగొట్టేది సరిగ్గా ఈ అమరికనే. బంగారపు నగలు అరుదుగా దొరికిన మాట నిజమే. కానీ పగిలిన కుండ ఉన్నచోటే ఉంటే చెప్పే కథ, ఆ నగ బజారుకెక్కాక చెప్పదు.

చదువుకున్నవాళ్ల అపోహ వేరు. వలయం కనిపిస్తే చాలు, ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ రాతి వలయంతో పోల్చి ఖగోళ వేధశాల అనేస్తారు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌ను సాక్ష్యంగా చూపిస్తారు. అక్కడి వాదం కొట్టిపారేయదగింది కాదు. కృష్ణ ఒడ్డున మనిషికి రెండింతలు ఎత్తున్న నిలువురాళ్లు, ఒక బండపై సప్తర్షి మండలాన్ని పోలిన గుంటలు ఉన్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ అది చేరింది. అయితే ముడుమాల్‌కు పొసగింది ప్రతి వలయానికీ పొసగదు. చాలా వలయాలు సమాధి హద్దులే. స్టోన్‌హెంజ్‌లోనూ దహనం చేసిన మనుషుల ఎముకలు దొరికాయని గుర్తుంచుకోవాలి. పైగా అది వీటికంటే రెండువేల ఏళ్లు పాతది. ఎక్కడో పుట్టిన ఆచారం ఇక్కడికి నడిచొచ్చిందనడానికి పోలిక ఒక్కటే చాలదు.

సమాధులు ఇన్ని ఉంటే ఊళ్లు ఏవన్న ప్రశ్న మిగులుతుంది. ఇళ్లు మట్టివి, కర్రవి, గడ్డివి, అవి నిలవవు. నీరూ మంచి నేలా ఉన్నచోటును తర్వాతివాళ్లు వదలరు, దానిమీదే మళ్లీ ఇళ్లు కట్టుకుంటారు. రాళ్లగుట్టల పక్కన సాగుకు పనికిరాని నేలలో పెట్టిన సమాధులు మాత్రం మొన్నమొన్నటిదాకా, ప్లాట్ల రాళ్లు పాతేదాకా, అలాగే ఉండిపోయాయి.