బంగారు పతకాలు తెచ్చిన బడిపంతులు

వరంగల్: హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానంలో సాయంత్రం వేళ క్రికెట్ ఆడే పిల్లలే ఎక్కువ. ఎప్పుడో ఒకసారి ఓ మూలన ఫుట్‌బాల్ తన్నే కుర్రాళ్లూ కనిపిస్తారు. కొందరికి బూట్లుంటాయి, కొందరివి ఉత్త కాళ్లే. ఇలాంటి పిల్లలనే ఏరి, తీర్చిదిద్ది, ఆసియాలో మేటి జట్టుగా నిలిపినవాడు హైదరాబాద్ బడిపంతులని వారిలో ఎందరికి తెలుసు? ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి ఇంతవరకు దక్కిన బంగారు పతకాలు రెండే. 1951లో ఒకటి, 1962లో మరొకటి. రెండింటికీ శిక్షకుడు ఆయనే.

బడిలో మొదలైన చదువు

రహీం 1909లో హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులోను, ఆ తరువాత కమర్ క్లబ్బులోను ఫుట్‌బాల్ ఆడారు. బతుకుతెరువు మాత్రం ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పిల్లలకు చదువు చెప్పారు. తరువాత ఏడాదిపాటు వ్యాయామ విద్యలో డిప్లొమా చదివి, బడిపిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. తాను ఆడటంకన్నా ఎదుటివారిచేత ఆడించడంలోనే తన బలం ఉందని ఆయన గుర్తించినట్లుంది.

1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ ఏడాదే జట్టు డ్యూరాండ్ కప్పు గెలిచింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేళ్లు చేజిక్కించుకుంది. కలకత్తా జట్లదే రాజ్యమైన ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

ఆయన పద్ధతే వేరు. వాటం లేని కాలితోనే బంతి తన్నాలన్న షరతుతో పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే ఆడాలి. బంతిని కాలి దగ్గర ఉంచుకొని ఒక్కడే పరుగెత్తకూడదు, వెంటనే తోటివాడికి అందించాలన్నది మరో పోటీలో షరతు. ఒంటికాలి లోపాన్ని, ఒంటరి ఆట మోజును రెంటినీ ఆటలోనే వదిలించారన్నమాట.

పది గోల్స్ నేర్పిన పాఠం

ఆయనకు ఎదురుదెబ్బ తగలకపోలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్ తేడాతో చిత్తుగా ఓడింది. ఆ చలిదేశంలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే బరిలోకి దిగారు. ఆ పరాభవం తరువాత ఉత్తకాళ్ల ఆటకు కాలం చెల్లింది.

నాలుగేళ్లు గడిచాయి. 1956 డిసెంబరు 1న, ఆంధ్రప్రదేశ్ అవతరించి సరిగ్గా నెల నిండిన రోజున, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. చివరకు నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో హైదరాబాద్ కుర్రాళ్లు పలువురు ఉండడం విశేషం.

రోజుకో రూపాయి

వారిలో ఒకరు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేదింట పుట్టాడు. పాత పోలీసు బూట్లనే ఫుట్‌బాల్ బూట్లుగా కుట్టించుకొని ఆడాడు. అతని ఆట రహీం కంటబడింది. శిక్షణకు రమ్మంటే, అంతదూరం రోజూ రావడానికి డబ్బులేదన్నాడు కుర్రాడు. రహీం రోజుకో రూపాయి ఇచ్చారు, సైకిలు కిరాయికి. బలరాం పెద్దయ్యాక స్వయంగా చెప్పుకున్న సంగతి ఇది. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడే 1956, 1960 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడి, అర్జున పురస్కారం అందుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

చివరి కానుక

1962 సెప్టెంబరు 4. జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. ఎదురు నిలిచింది దక్షిణ కొరియా. అదే జట్టు చేతిలో తొలి మ్యాచ్‌లో మనవాళ్లు 2-0తో ఓడారు. లక్షమంది ప్రేక్షకుల్లో అత్యధికులు భారత్‌కు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నారు. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నెయిల్ సింగ్‌ను రహీం ముందు వరుసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నెయిల్ ఒక గోల్ చేయగా భారత్ 2-1తో గెలిచింది. తనకొక కానుక కావాలని, అది బంగారు పతకమేనని రహీం ముందురోజు అడిగారని ఆనాటి ఆటగాళ్లు తరువాత గుర్తు చేసుకున్నారు.

ఆ తరువాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, క్యాన్సర్ వ్యాధితో రహీం మరణించారు. వయస్సు 53 ఏళ్లు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గానీ మొదలుకాలేదు. 1970లో భారత్ ఆసియా క్రీడల కాంస్యం గెలిచినప్పుడు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. ఆయనా తరువాత శిక్షకుడై ద్రోణాచార్య పొందారు. ఆ కాంస్యం తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు పతకం లేదు. 1960 తరువాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ప్రవేశమూ లేదు.

మన జిల్లాకూ అదే పాఠం

పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆమె పరుగులోని సత్తాను మొదట పసిగట్టినది ఊరి బడిలోని వ్యాయామోపాధ్యాయుడే. పెద్ద స్టేడియాలు, పేరున్న అకాడమీలు ఆ తరువాతి మాట.

ఆటల పీరియడు వచ్చిందంటే లెక్కల పాఠం చెప్పించే బడులున్నంతకాలం ఇలాంటి పిల్లలు ఎవరి కంటా పడకుండానే పోతారు. బలరాంలాంటి కుర్రాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లను చూసే కన్ను, సైకిలు కిరాయికి రూపాయి తీసిచ్చే చేయి ఉన్న డ్రిల్ సారు బడికొకరు కావాలి.