కోచ్ సార్ జీతంలో తరుగు

వడ్లు కాంటా పెట్టేటప్పుడు బస్తాకు ఇంత అని తరుగు తీయడం బాపుతో కొనుగోలు కేంద్రానికి పోయినప్పుడు చూశాను. అట్లాంటి తరుగు జీతాలకూ ఉంటుందని నాకు కబడ్డీ వల్ల తెలిసింది.

మాది కోరుట్ల దగ్గర పల్లె. చదువు జగిత్యాలలో. మాకు సాయంత్రం పూట ఆట నేర్పే సార్ పర్మనెంటు ఉద్యోగి కారు. పొద్దంతా వ్యవసాయం, సాయంత్రం మా గ్రౌండు. 2025–26లో నెలకు 6,000 చొప్పున పది నెలలకు మాట్లాడుకున్నారు. డబ్బు మాత్రం మార్చిలో ఒకేసారి వచ్చింది. సిరిసిల్లలో ఆట ముగించుకొని బస్సులో వస్తుంటే సార్ అన్నారు: "పది నెలలు నేర్పితే తొమ్మిది నెలల పైసలే వచ్చినయిరా. వచ్చే ఏడు నేను రాను."

ఆ నెల డబ్బు ఎటు పోయింది? మా కామర్సు లెక్చరర్ గారిని అడిగితే విషయం బోధపడింది. మిత్రులకూ పనికొస్తుందని రాస్తున్నాను.

1961 ఆదాయపు పన్ను చట్టంలో కోచ్‌కు డబ్బిచ్చే దారులు రెండు. ఉద్యోగిగా పెట్టుకుంటే అది జీతం, 192వ సెక్షన్. అప్పుడు ఏడాది మొత్తం ఆదాయం అంచనా కట్టి, పన్ను పడితేనే కోస్తారు. కొత్త విధానంలో 2025–26కు 12 లక్షల దాకా పన్ను లేదు, జీతగాళ్లకు మరో 75,000 తగ్గింపు. అంటే 60,000కు కోత సున్నా.

ఉద్యోగిగా కాక ఫీజు మీద పిలిస్తే 194జె సెక్షన్. 2008 ఆగస్టు నోటిఫికేషన్‌తో ఆటల కోచ్‌లు, అంపైర్లు కూడా ఇందులోకి వచ్చారు. ఏడాదికి 50,000 దాటితే (2025 ఏప్రిల్‌కు ముందు 30,000) మొత్తం మీద 10 శాతం కోత. 60,000కు 6,000. సరిగ్గా ఒక నెల కూలి! పాన్ నంబరు ఇవ్వకపోతే 20 శాతం. కాలేజీకి తన ఆదాయంపై మినహాయింపు ఉన్నా ఈ కోత కోయక తప్పదు.

మనిషి ఒక్కడే, పని ఒక్కటే. కాగితం మీద పేరు మారితే చేతికొచ్చేది మారింది.

కాలేజీ ఆటలకు పేరుపడ్డ అమెరికాలో కథ తిరగబడింది. అక్కడ కొందరు ఫుట్‌బాల్ కోచ్‌ల జీతం ఏటా పది లక్షల డాలర్లు దాటుతుంది. 2017 చట్టం, పన్ను మినహాయింపు ఉన్న సంస్థల్లో ఎక్కువ జీతమున్న ఐదుగురికి ఆ హద్దు దాటి ఇచ్చిన సొమ్ముపై 21 శాతం పన్ను వేసింది. కట్టవలసింది కోచ్ కాదు, సంస్థ. 50 లక్షల డాలర్లిస్తే 8 లక్షల 40 వేలు అదనం. 2025 చట్టం ఐదుగురన్న హద్దు కూడా తీసేసింది. సీట్ల హక్కు కోసం అభిమానులిచ్చే విరాళంలో 80 శాతానికి ఉన్న రాయితీని కూడా 2017 చట్టమే రద్దు చేసింది. అక్కడ భారం ఇచ్చే చేతి మీద, ఇక్కడ కోత పుచ్చుకునే చేతిలో.

అయితే మిత్రులారా, వడ్ల తరుగుకూ దీనికీ ఒక తేడా ఉంది. వడ్ల తరుగు తిరిగి రాదు. ఇది అడిగితే వస్తుంది! వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. సార్‌కు ఉన్న తక్కిన ఆదాయం ఆ 60,000 మాత్రమే. గడువులోగా రిటర్ను వేస్తే 6,000 బ్యాంకు ఖాతాకే వాపసు. అడగకపోతే సర్కారు దగ్గరే ఉంటుంది. మా ఇళ్లల్లో రిటర్ను అన్న మాటే ఎవరూ ఎరుగరు, అక్కడే వచ్చింది చిక్కు.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. ఫీజుపై కోత మాత్రం ఉంది. కనుక యూనియన్‌కు నా మనవి ఒక్కటే. కోచ్‌ను పిలిచిన రోజే, ఇచ్చేది జీతమా ఫీజా చెప్పించండి. కోత కోస్తే సర్టిఫికెట్ ఇప్పించండి.

సార్‌తో కూర్చొని నేనే రిటర్ను నింపాను. "తరుగు వాపసు వచ్చుడు ఎన్నడన్న చూసినమారా?" అని నవ్వారు. మరునాడు సాయంత్రం మాత్రం మాకన్న ముందే గ్రౌండులో ఉన్నారు.