ఎరువులను సమముగా కలుపుట



పాతబస్తీలో నివసించు నేను ఎరువులను గూర్చి చెప్పబూనుట మీకు వింతగా తోచవచ్చును. మా పేటలో పొలములు లేవు. కాని కలుపుట యను విద్యకు ఈ బస్తీ కాణాచి. 1591లో మహమ్మదు కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినారును నిలిపినవి రాయియు, డంగు సున్నమును. ఆ చెంతనే యూనానీ వైద్యులు పలురకముల చూర్ణములను ఏకము చేయుచుందురు. తడిసరుకును కలుపుట వేరు, పొడిసరుకును కలుపుట వేరు. ఈ భేదము తెలిసినచో ఎరువుల మర్మము తెలిసినట్లే.

సున్నపు గానుగను మీలో పలువురు చూచియే యుందురు. ఎడ్లు తిరుగును, రాతిచక్రము దొర్లును, సున్నమును ఇసుకయు నీటితో నలిగి ముద్దయగును. ఎంత త్రొక్కించిన అంత మేలు. అట్లు కలసిన ముద్ద మరల విడిపోదు. ఎరువు అట్టిది కాదు. యూరియా నున్నని తేలిక పూసలు, పొటాషు సన్నని పలుకులు, డి.ఏ.పి. బరువైన గుళికలు. వీనిని పీపాలో పోసి త్రిప్పగా మొదట కలసినట్లే కనబడును. ఇంకను త్రిప్పినకొలది సన్నవి సందులలోనుండి అడుగునకు జారును, ముతకవి పైకి వచ్చును. చేటతో బియ్యము చెరుగు ఇల్లాండ్రకు ఈ సంగతి మనకంటె బాగుగా తెలియును. కావున యంత్రమును ఎక్కువసేపు త్రిప్పుట కలయికకు హామీ కాదు. ముందుగా గడ్డలను చితుకగొట్టి, జల్లించి, గింజలను ఇంచుమించు ఒకే పరిమాణమునకు తేవలెను.

పీపాను నిండుగా నింపరాదు. సగమునకు కొంచెము మించిన చాలును. సరుకు పైనుండి పడి దొర్లుటకు చోటుండవలెను. కలిపినదానిని ఒకేచోట ఎత్తైన కుప్పగా పోయుటయు తగదు. ముతక గింజలు అంచులకు దొర్లిపోవును, సన్నవి నడుమనే నిలుచును.

యంత్రము లేక గచ్చుపై పారతో కలుపువారికి ఔషధశాలల పద్ధతి పనికివచ్చును. 5 కిలోల పొటాషును 75 కిలోల సరుకుపై ఒక్కమారు చల్లక, ముందు 5 కిలోలతో, పిమ్మట 10తో, ఆపై 20తో, తుదకు 40తో కలుపవలెను. పొటాషు ఎర్రనిదైనచో పరీక్ష సులభము: కుప్ప పైన, నడుమ, అడుగున పిడికెడేసి తీసి తెల్లని గుడ్డపై పరచి, ఎర్రపలుకులు సమముగా నున్నవో లేవో చూడుడు.

కలయిక చెడినచో ఒక మడి ఏపుగా పెరిగి పడిపోవును, ప్రక్క మడి పసుపుబారును. రైతు విత్తనమును, నీటిని నిందించునే గాని ఎరువును అనుమానింపడు. ఖర్చు మాత్రము రెండు మడులకును ఒక్కటే.

కొన్నిటిని అసలే కలుపరాదు. అమ్మోనియం సల్ఫేటులో సున్నము పడినచో ఘాటైన వాసనతో నత్రజని గాలిలోనికి పోవును. యూరియాను సూపరు ఫాస్ఫేటుతో కలిపి నిలువ యుంచినచో చెమర్చి జిగటబారును.

1960 దశాబ్దమున వెలసిన విశాఖపట్టణపు కోరమాండలు కర్మాగారము చేయు 28-28-0 వంటి ఎరువులలో ఈ విడిపోవు బెడద లేదు. ప్రతి గుళికయందును నత్రజని, భాస్వరము రెండును ఉండును. విడి ఎరువులను కలుపుకొనువారు మాత్రము ఇంటివద్ద కలిపి గతుకుల బాటపై బండిలో తీసికొనిపోవుట కంటె, పొలము గట్టుననే కలిపి ఆ పూటనే చల్లుట మంచిది.